3,761 ఓట్ల మిన్నెసోటా

గత నెల మా కాలేజీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒకడు అమెరికా పటం పెట్టాడు. 1984 అధ్యక్ష ఎన్నికల ఫలితాలవి. ఈ తీరం నుంచి ఆ తీరం దాకా, రిపబ్లికన్ అధ్యక్షుడు రోనాల్డ్ రేగన్ గెలిచిన రాష్ట్రాల ఎరుపు పులిమి ఉంది. పైన, కెనడాను ఆనుకుని, ఒకే ఒక్క రాష్ట్రం నీలంగా, డెమోక్రాట్లకు మిగిలింది. కింద ఒక వాక్యం: "దేశమంతా రేగన్ గాలికి కొట్టుకుపోయినా చెక్కుచెదరని మిన్నెసోటా." పద్దెనిమిదేళ్లుగా నేనుంటున్నది ఆ నీలం ముక్కలోనే కాబట్టి "మీవాళ్లు గట్టిపిండాలురా" అని నాకూ ఒక కితాబు వచ్చింది. నవ్వు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను.

పడుకోబోయే ముందు ఆ పటం మళ్లీ తీసి చూశాను. అందులో అబద్ధమేమీ లేదు. డెమోక్రాట్ల అభ్యర్థి వాల్టర్ మాండేల్‌కు మిన్నెసోటా, రాజధాని వాషింగ్టన్ డీసీ తప్ప మరేమీ దక్కలేదు. రాష్ట్రానికి ఇన్నని ఉండి, దాదాపు అన్నిచోట్లా అక్కడ గెలిచినవాడికే గంపగుత్తగా పోయే ఎలక్టోరల్ ఓట్లు రేగన్‌కు 525, మాండేల్‌కు 13. ఆ పదమూడులో పది మా రాష్ట్రానివి, మూడు డీసీవి. (డీసీలో మాండేల్‌కు 85 శాతం ఓట్లు పడ్డాయి. నిజంగా చెక్కుచెదరనిది ఏదైనా ఉంటే అదే. పాపం, రాష్ట్రం కాకపోవడంతో పటంలో భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు.)

నాకు గుచ్చుకున్నది ఆ "చెక్కుచెదరని" అన్న మాట. ఆ రోజు మిన్నెసోటాలో మాండేల్‌కు పడినవి 10,36,364 ఓట్లు. రేగన్‌కు 10,32,603. తేడా 3,761. శాతాల్లో చెబితే 49.72, 49.54. ఇరవై లక్షల మంది ఓటేసిన చోట ఇది ఒక మోస్తరు కల్యాణ మండపంలో పట్టే జనం. ఇంతకంటే చెదరడం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

నాకు నచ్చే పార్టీ గెలిచిన రాష్ట్రమే అది. పొగడ్తలో నాకూ వాటా ఉంది. బహుశా అందుకే ఇబ్బందిగా అనిపించిందేమో, చేయని పనికి దండ వేయించుకున్నట్టు.

ఒక్క ఓటు ఎంత ఉంటుంది

2018లో మా పేటలోని పోలింగు కేంద్రంలో ఒకరోజు ఎన్నికల సిబ్బందిగా పనిచేశాను. ఇక్కడ ఆ పనికి మామూలు పౌరులనే తీసుకుంటారు. కొద్ది గంటల శిక్షణ ఇస్తారు. ఏ పార్టీ వైపు మొగ్గో ముందే అడిగి, రెండు పక్షాల వాళ్లనూ కలిపి కూర్చోబెడతారు. మా కేంద్రం ఒక చర్చి కింది హాలు. ఓటరు పుస్తకంలో సంతకం చేస్తే ఒక చిన్న రసీదు చేతికిస్తాం. పక్క బల్ల దగ్గర ఆ రసీదు తీసుకుని బ్యాలెట్ ఇస్తారు. కోడిగుడ్డు ఆకారపు గడులను సిరాతో నింపి ఓటరు దాన్ని యంత్రంలోకి తోస్తే, అది మింగి తన అంకెను ఒకటి పెంచుకుంటుంది. రాత్రి ఎనిమిదింటికి తలుపులు మూశాక యంత్రం కిరాణా బిల్లు లాంటి పొడుగాటి కాగితం వదులుతుంది. దాని మీది అంకె, మా దగ్గరున్న రసీదుల లెక్క సరిపోవాలి.

ఆ రాత్రి సరిపోలేదు. రసీదు ఒకటి తక్కువ. యాభై చొప్పున కట్టిన కట్టలన్నీ విప్పి మళ్లీ లెక్కపెట్టాం. మళ్లీ ఒకటే తక్కువ. నాకెదురుగా కూర్చున్నావిడ రిటైరైన స్కూలు టీచరు, రిపబ్లికన్. ఆవిడా నేనూ మూడోసారి మొదలుపెట్టి ఒక్కో కాగితాన్నీ బొటనవేలితో రుద్ది వేరుచేస్తూ వచ్చాం. తొమ్మిదిన్నర దాటాక దొరికింది. రెండు రసీదులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, మధ్యాహ్నం ఎవరో పంచిపెట్టిన కేకు మీది చక్కెర పూత పుణ్యమా అని. ఆవిడ ఆ రెండింటినీ గోటితో విడదీసి, దీపం కిందకు ఎత్తి అందరికీ చూపించింది. హాల్లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ ఓటు ఎవరికి పడిందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మిన్నెసోటాలో ఇప్పుడు పోలింగు పరిధులు నాలుగు వేలకు పైనే. 3,761ని వాటికి పంచితే తలా ఒక్క ఓటు కూడా రాదు. అందులో సగం, అంటే 1,881 మంది అటు వేసి ఉంటే పటం మొత్తం ఎరుపు. అప్పుడు మా మిత్రుడు పెట్టే వాక్యం మరోలా ఉండేది, నాకు కితాబూ వచ్చేది కాదు. మిన్నెసోటా మనుషులు మాత్రం అవే మనుషులు, అవే మనసులు.

(ఎరుపు, నీలం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ రంగుల పంపకం ఇప్పుడున్నట్టు స్థిరపడింది 2000 ఎన్నికల తర్వాతే. 1980లో ఎన్‌బీసీ చానల్ రేగన్ గెలిచిన రాష్ట్రాలకు నీలం వేసింది. మనం 1984 పటంలో చూసి మురిసిపోతున్న నీలం తర్వాతి కాలం వాళ్లు పూసినది.)

అదే రోజు, అదే బ్యాలెట్

మా పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. చలికాలంలో నా వాకిట్లో మంచు కూడా తన యంత్రంతో ఊడ్చేసి, అడిగితే "ఎలాగూ బయటికి తీశాను కదా" అంటాడు. ఆయన ఇంటి బేస్‌మెంట్ గోడలకు ముదురు గోధుమరంగు ప్లైవుడ్ పలకలు ఉంటాయి. అవి ఎక్కడివంటే "రూడీ దగ్గర కొన్నాను" అని చెబుతాడు.

ఆ రూడీ రూడీ బాష్‌విట్జ్. బెర్లిన్‌లో పుట్టి, హిట్లర్ వచ్చిన ఏడాదే కుటుంబంతో పసివాడిగా దేశం దాటినవాడు. ఇక్కడ ప్లైవుడ్ మిన్నెసోటా పేరుతో దుకాణాలు పెట్టి, గళ్ల చొక్కా వేసుకుని తన ప్రకటనల్లో తానే కనిపించి, ఏటా జరిగే రాష్ట్ర సంతలో రకరకాల రుచుల పాలు అమ్మించి, 1978లో సెనేటర్ అయ్యాడు. రిపబ్లికన్. రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత ఆ పార్టీ పేరంటేనే జనం మొహం చిట్లిస్తున్నారని ఇక్కడి రిపబ్లికన్లు 1975లో తమ పార్టీకి ఇండిపెండెంట్ రిపబ్లికన్లు అని పేరు తగిలించుకున్నారు. ఇరవై ఏళ్లు ఆ పేరుతోనే నడిపారు.

1984 నవంబరు 6న, మాండేల్ నెగ్గిన అదే బ్యాలెట్ మీద బాష్‌విట్జ్ సుమారు 58 శాతం ఓట్లతో మళ్లీ గెలిచాడు. రేగన్‌కు ఓటు వేయకుండా బాష్‌విట్జ్‌కు వేసినవాళ్లు తక్కువలో తక్కువ లక్షన్నర మంది ఉంటేనే ఆ లెక్క కుదురుతుంది. మన పత్రికల భాషలో ఇది భారీ క్రాస్ ఓటింగ్. అంతే కాదు, రాష్ట్ర ప్రతినిధుల సభ కూడా ఆ రోజే రిపబ్లికన్ల చేతికి పోయింది. కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా చూస్తే మిన్నెసోటాలోని ఎనిమిదింటిలో అయిదు చోట్ల రేగన్‌దే ఆధిక్యం.

ఈ ఆఖరి ముక్క మీద కొంచెం ఆగాలి. మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో ఎలక్టోరల్ ఓట్లను గంపగుత్తగా ఇవ్వరు. నియోజకవర్గానికి ఒకటి చొప్పున అక్కడి విజేతకు, మిగిలిన రెండూ రాష్ట్రం మొత్తంలో గెలిచినవాడికి ఇస్తారు. 1984లో మిన్నెసోటాకు ఆ పద్ధతే ఉంటే రేగన్‌కు అయిదు, మాండేల్‌కు మూడూ రెండూ అయిదు. సమానం. ఆ పటానికి ఏ రంగు వేస్తారు? రాష్ట్రం ఏమన్నదన్నది జనం వేసిన ఓట్లతో ఎంత తేలిందో, వాటిని మూటగట్టే పద్ధతితోనూ అంతే తేలింది.

పక్కింటాయన ఆ రోజు అధ్యక్షుడిగా మాండేల్‌కు, సెనేటుకు బాష్‌విట్జ్‌కు వేశాడట. ఎందుకని అడిగాను. "ఫ్రిట్జ్ మనవాడు. రూడీ కూడా మనవాడే" అన్నాడు. ఫ్రిట్జ్ అంటే మాండేల్ ముద్దుపేరు. అంతకుమించి ఆయన దగ్గర వివరణ లేదు, అవసరం ఉన్నట్టు కూడా అనుకోలేదు.

ఇదంతా పోగేసి గ్రూపులో పెట్టాలని ఒక పెద్ద సందేశం టైపు చేశాను. సారాంశం: మీరు చూస్తున్నది గట్టితనం కాదు, అదృష్టం. పంపే ముందు ఒక అనుమానం వచ్చింది. తీసేశాను.

అక్కడ పద్దెనిమిది, ఇక్కడ పాయింటు పద్దెనిమిది

అనుమానం ఇది. దేశం మొత్తమ్మీద రేగన్‌కు 58.8 శాతం వస్తే మాండేల్‌కు 40.6. పద్దెనిమిది శాతం పైచిలుకు తేడా. మిన్నెసోటాలో మాండేల్‌కు 0.18 శాతం ఆధిక్యం. దేశంతో పాటు కదిలి ఉంటే ఈ రాష్ట్రంలోనూ రేగన్ పద్దెనిమిది శాతంతో నెగ్గాలి. నెగ్గలేదు. 3,761 అన్న అంకెను విడిగా పట్టుకుంటే అదృష్టంలా కనిపిస్తుంది. దేశం పక్కన పెట్టి చూస్తే, అది చాలా పెద్ద తేడాకు కొసన మిగిలిన చిల్లర. నేను చిల్లర లెక్కపెట్టి, నోటు సంగతి మరిచాను.

దీనికి సులువైన జవాబు ఉంది: సొంత మనిషి. మాండేల్ ఈ రాష్ట్రంలోనే సిలోన్ అనే పల్లెలో పుట్టాడు (మన పక్కనున్న సిలోన్ పేరే), ఎల్మోర్‌లో పెరిగాడు, ఇక్కడే అటార్నీ జనరల్ అయ్యాడు, సెనేటర్ అయ్యాడు, కార్టర్ దగ్గర ఉపాధ్యక్షుడయ్యాడు. పైగా 1984 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో సభలో, ఎవరు గెలిచినా పన్నులు పెంచక తప్పదు, రేగన్ ఆ మాట చెప్పడు, నేను చెబుతున్నాను అని లక్షల మంది చూస్తుండగా ప్రకటించిన మనిషి. అలాంటి మాటకు ఓట్లు రాలవని చిన్నపిల్లాడికీ తెలుసు. ఆయనకు ఎక్కడైనా ఓట్లు పడ్డాయంటే అది ఊరి అభిమానమే అనుకోవడం సహజం.

కానీ పక్క ఎన్నికలతో పోల్చి చూశాను. 1980లో రేగన్ దేశంలో సుమారు 9.7 శాతం ఆధిక్యంతో గెలిస్తే, మిన్నెసోటాలో కార్టర్ 3.9 శాతంతో నెగ్గాడు. తేడా 13.6. 1988లో పెద్ద బుష్ దేశంలో 7.7 శాతంతో గెలిస్తే, మిన్నెసోటాలో డెమోక్రాట్ల అభ్యర్థి డుకాకిస్ 7 శాతంతో నెగ్గాడు. తేడా 14.7. డుకాకిస్ మసాచుసెట్స్ మనిషి, ఆయనకూ ఈ మంచుకూ ఏ చుట్టరికమూ లేదు. అంటే మాండేల్ లేకపోయినా ఆ కాలంలో ఈ రాష్ట్రం దేశం కంటే పద్నాలుగు శాతం దాకా అటువైపే ఉంది. 1984లో ఆ తేడా పద్దెనిమిదికి పెరిగింది. ఆ పై నాలుగూ సొంత మనిషి ఖాతాలో వేసుకోవచ్చు. (1980లోనూ ఉపాధ్యక్ష స్థానానికి మాండేల్ ఉన్నాడు కదా అంటారా? నిజమే, అందుకే ఆ ఏటిదాని కంటే 1988 అంకెనే నేను ఎక్కువ నమ్ముతాను.)

ఈ లెక్క నా రెండు వాదనలనూ చెడగొట్టింది. పద్నాలుగు ఒక్కటే ఉంటే మిన్నెసోటా నాలుగు శాతం తేడాతో రేగన్‌కు పోయేది. నాలుగు ఒక్కటే ఉంటే అసలు పోటీయే లేదు. రెండూ కలిస్తే, ఆ రెండూ కలిసిన తర్వాత కూడా, మిగిలింది 3,761. రేగన్ కూడా వదిలిపెట్టలేదు. పోలింగుకు రెండు రోజుల ముందు, ఆదివారం నాడు, మేయో క్లినిక్ ఉన్న రాచెస్టర్‌లో సభ పెట్టాడు. యాభైకి యాభై కొట్టాలని సరదా. గెలిచాక, క్రిస్మస్‌కు ఏమి కావాలని ఎవరో అడిగితే మిన్నెసోటా వచ్చి ఉంటే బాగుండేదన్నాడట.

రాష్ట్రానికి స్వభావం ఉంటుందా

ఉండదని నా మొదటి అభిప్రాయం. దానికి నా దగ్గరున్న మంచి సాక్ష్యం 1972. ఆ ఏడు నిక్సన్ గాలికి ఎదురు నిలిచిన ఒకే ఒక్క రాష్ట్రం మసాచుసెట్స్. వాటర్‌గేట్ బయటపడ్డాక అక్కడి వాళ్లు "నన్ననకండి, నేను మసాచుసెట్స్ వాణ్ని" అని కార్ల వెనక అంటించుకుని తిరిగారు. ఆ మసాచుసెట్స్ 1984లో రేగన్‌కు వేసింది. 1984లో ఒంటరిగా నిలిచిన మిన్నెసోటా 1972లో నిక్సన్‌కు వేసింది. ఒంటరితనం ఒకరి సొత్తు కాదని దీనితో తేలిపోలేదా?

ఇలాంటి పొగరు మా ఇంట్లోనూ చూశాను. మిన్నెసోటా ఫలితం వచ్చిన ఏడు వారాలకు, 1984 డిసెంబరులో, ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తే ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 42లో 30 లోక్‌సభ స్థానాలు గెలిచింది. ఓ ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. నాకప్పుడు పదేళ్లు. మా నాన్న రేడియో పక్కన నిలబడి "దేశమంతా ఒక దారి, మనం ఒక దారి" అని వీధి వినేలా అన్నాడు. అదే ఇంట్లో, అదే రేడియో పక్కన కూర్చున్న మా బాబాయి హస్తానికి వేసి వచ్చాడు. మాట్లాడకుండా చుట్ట వెలిగించుకున్నాడు. మా నాన్న అన్న ఆ "మనం"లో బాబాయి లేడా? రెండు పార్టీల ఓట్ల తేడా మూడు శాతం చుట్టూ ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

కాబట్టి స్వభావం అనే మాటను నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ పద్నాలుగు శాతం ఎక్కడిదన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు మనుషుల రక్తంలో కాక పనిలో, సంఘాల్లో దొరుకుతుందని నా అనుమానం. 1932 దాకా మిన్నెసోటా ఒక్కసారి కూడా డెమోక్రాట్ అభ్యర్థికి తన ఎలక్టోరల్ ఓట్లు ఇవ్వలేదు. పుట్టుకతో వచ్చిన గుణమైతే అన్నేళ్లు ఎక్కడ దాక్కుంది? ఇక్కడ బలంగా ఉన్నది రైతులూ కార్మికులూ కలిసి పెట్టుకున్న ఫార్మర్–లేబర్ పార్టీ. 1930లో వాళ్ల మనిషి ఫ్లాయిడ్ ఓల్సన్ గవర్నరుగా ఎన్నికయ్యాడు. 1944లో ఆ పార్టీ డెమోక్రాట్లతో కలిసిపోయింది. కలపడంలో ముందు నిలిచినవాడు తర్వాత దేశ ఉపాధ్యక్షుడైన హ్యూబర్ట్ హంఫ్రీ. ఇప్పటికీ ఇక్కడి డెమోక్రాట్ల పూర్తి పేరు డెమోక్రటిక్–ఫార్మర్–లేబర్ పార్టీయే. బ్యాలెట్ మీద కూడా ఆ పేరే ఉంటుంది, మాటల్లో మూడక్షరాలు, డీఎఫ్ఎల్ అంటారు. కొత్తగా వచ్చినప్పుడు అదేదో మూడో పార్టీ అనుకున్నాను.

ఉత్తరాన ఐరన్ రేంజ్ అని ఇనుప గనుల ప్రాంతం ఉంది. ఫిన్లాండ్ నుంచి, స్లొవేనియా నుంచి వచ్చినవాళ్లు తవ్విన గనులు, సహకార దుకాణాలు, గట్టి యూనియన్లు. అమెరికా కమ్యూనిస్టు పార్టీ తరఫున నాలుగుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన గస్ హాల్ పుట్టింది అక్కడే. 1980ల మొదట్లో ఉక్కు పరిశ్రమ కూలినప్పుడు టాకోనైట్ అనే నాసిరకం ఇనుప ఖనిజపు గనుల్లో వేల మంది పని పోగొట్టుకున్నారు. దేశానికి తెల్లవారిందని రేగన్ ప్రకటనలు చెబుతున్న రోజుల్లో అక్కడ చీకటిగానే ఉంది. దక్షిణాన అప్పుల్లో మునిగిన రైతులదీ అదే కథ. వాళ్లు మాండేల్‌కు వేసింది సిద్ధాంతంతోనో అభిమానంతోనో కాకపోవచ్చు, జీతం రాని శుక్రవారాలు గుర్తుండి వేసి ఉంటారు.

ఆ పని మారితే ఓటూ మారింది. ఐరన్ రేంజ్‌లో భాగమైన ఇటాస్కా కౌంటీ 2016లో ట్రంప్‌కు వేసింది. ఆ ఏడు రాష్ట్రం మొత్తమ్మీద హిల్లరీ క్లింటన్ ఆధిక్యం ఒకటిన్నర శాతమే. డెమోక్రాట్ల బలం ఇప్పుడు గనుల్లో కన్నా మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో, మావంటి వాళ్లు ఇళ్లు కొనుక్కున్న శివార్లలో ఎక్కువ. 1976 నుంచి 2024 దాకా వరసగా పదమూడుసార్లు డెమోక్రాట్లకే వేసిన రాష్ట్రమని, ఆ పార్టీకి ఇంత పొడుగు వరస మరే రాష్ట్రంలోనూ లేదని లెక్కలు చెప్పేవాళ్లు చెబుతుంటారు. ఆ పదమూడింటిలో మూడోది 3,761 దారప్పోగుతో వేలాడింది. మొదట వేసినవాళ్ల మనవలు ఇప్పుడు అటువైపు వేస్తున్నారు, మొదట ఈ దేశంలోనే లేనివాళ్లు ఇటువైపు. పటంలో మాత్రం ఒకే నీలం.

గ్రూపులో చివరికి ఏమీ రాయలేదు. అప్పటికే వాళ్లు క్రికెట్‌లోకి వెళ్లిపోయారు.

పోయిన వారం పక్కింటాయనకు నా నాలుగు శాతం లెక్క చెప్పాను, సొంత మనిషి విలువ ఇంతని తేలిందని కొంచెం గర్వంగా. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత 2002 సంగతి ఎత్తాడు. ఆ అక్టోబరు 25న ఇక్కడి డెమోక్రాట్ సెనేటర్ పాల్ వెల్‌స్టోన్ ఐరన్ రేంజ్‌లోని ఎవెలెత్ దగ్గర విమాన ప్రమాదంలో పోయాడు. ఎన్నికలకు పదకొండు రోజులుంది. డెమోక్రాట్లు డెబ్బై నాలుగేళ్ల మాండేల్‌ను బతిమాలి నిలబెట్టారు. ఎదురుగా రిపబ్లికన్ల మనిషి నార్మ్ కోల్‌మన్, బ్రూక్లిన్‌లో పుట్టి పెరిగి వచ్చినవాడు. మాండేల్ ఓడిపోయాడు. 1984లో నలభై తొమ్మిది రాష్ట్రాల్లో ఓడిన మనిషికి యాభయ్యోది అలా పూర్తయింది.

"మీరు ఎవరికి వేశారు?" అని అడిగాను.

"కోల్‌మన్‌కు" అన్నాడు. వెల్‌స్టోన్ సంతాప సభను పార్టీ సభలా నడిపించడం ఆయనకు నచ్చలేదట. "చావింట్లో ఓట్లు అడుగుతారా?"

"మరి ఫ్రిట్జ్ మనవాడు కదా?"

"మనవాడే" అన్నాడు పెద్దాయన. యంత్రానికి తాడు లాగి, నా వాకిలి వైపు తిప్పాడు.